ఎకరానికి పైన, పదెకరాలకి కింద

(స్థలం: కడియపులంకలో హైవే పక్క నర్సరీ. పాత్రలు: గ్రీన్ కెరీర్ కన్సల్టెంట్, నర్సరీ మేస్త్రి, మేస్త్రి మేనల్లుడు. ఈ మధ్య బాల్కనీలో తులసి మొక్కకి నీళ్లు పోసిన ప్రతివాడూ గ్రీన్ కెరీర్ గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు. ఈయన ఇంకొంచెం ముందుకెళ్లి రసీదు పుస్తకం కూడా అచ్చేయించుకున్నాడు. చొక్కా జేబు మీద ఆకు బొమ్మ. అది ఏ చెట్టు ఆకో మేస్త్రికి అంతుపట్టలేదు.)

కన్సల్టెంట్: మేస్త్రిగారూ, మీ మేనల్లుడు బైపీసీ పాసయ్యాడట కదా! ఇంకా ఇక్కడ కూర్చుని కవర్లలో మట్టి నింపుతున్నాడేంటండీ? హార్టికల్చర్ చదివించండి. ల్యాండ్‌స్కేపింగ్ చేయించండి. ప్రపంచం మొత్తం పచ్చదనం వైపు పరిగెడుతోంది.

మేస్త్రి: ఆయ్, పరిగెడతందండి. రాత్రి కూడా రెండు లారీల పచ్చదనం హైదరాబాదు విల్లాలకి పరిగెట్టింది. చదువు మంచిదేనండి. డబ్బులో?

కన్సల్టెంట్: డబ్బు అసలు సమస్యే కాదు. స్కాలర్‌షిప్పులు కుప్పలుగా పడున్నాయి, అడిగేవాళ్లే లేరు. ఆదివారం రాజమండ్రిలో మా వర్క్‌షాపు. పేరు ‘మట్టితో మాట్లాడండి’. ఫీజు రెండు వేలే.

మేస్త్రి: ఊరికే వచ్చే డబ్బుకి రెండు వేలాండి?

కన్సల్టెంట్: పెట్టుబడి అనుకోండి. తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో 2007 నుంచి మన ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్. ఈఏపీసెట్ ర్యాంకుతో సీటు. పైగా రైతుబిడ్డలకి ప్రత్యేక కోటా. మీవాడు రైతుబిడ్డే కదా!

మేస్త్రి: ఆళ్ల నాన్న ఊహ తెలిసిన కాడ్నించీ మట్టిలోనే ఉన్నాడండి.

కన్సల్టెంట్: శభాష్! ఎన్నెకరాలు?

మేస్త్రి: ఏడెకరాలండి. ఓనరుగారియ్యి.

కన్సల్టెంట్: అలా కుదరదు. ఎకరానికి తగ్గకుండా సొంత భూమి ఉండాలి. పాస్‌పుస్తకం చూపించాలి.

మేస్త్రి: అంటే అంటు కట్టినోడు రైతు కాడు, కట్టించినోడు రైతు. అంతేగా అండి?

కన్సల్టెంట్: రూలు నేను పెట్టింది కాదండీ.

మేస్త్రి: మరి ఓనరుగారి అబ్బాయి రైతుబిడ్డేనా?

కన్సల్టెంట్: నిఖార్సైన రైతుబిడ్డ.

మేస్త్రి: మొన్న నా కాడికొచ్చి, అంకుల్, మామిడి మొక్కకి గులాబీ అంటు కట్టొచ్చా అనడిగాడండి.

కన్సల్టెంట్: అదే ఇన్నొవేషన్ అంటే! కాకపోతే నాలుగేళ్లు మున్సిపాలిటీ లేని ఊళ్లో చదివుండాలి.

మేస్త్రి: చదివాడండి. ఆ ఏసీ స్కూలుని మున్సిపాలిటీ గీత దాటాకే కట్టారు. పల్లెటూరి చదువేనండి, గుర్రపుస్వారీతో సహా.

కన్సల్టెంట్: సరే, కోటా వదిలేయండి. మీవాడు ర్యాంకు కొట్టి మామూలుగానే సీటు తెచ్చుకున్నాడనుకుందాం. అప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇంటి ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. భూమి మాగాణి అయితే పదెకరాల లోపు, మెట్ట అయితే పాతిక లోపు. 2019లో పెట్టిన లెక్క ఇది.

మేస్త్రి: ఒక్క నిమిషం ఆగండి. ఎకరం లేకపోతే రైతు కాడు. పదెకరాలుంటే బీదోడు కాడు.

కన్సల్టెంట్: భలే పట్టేశారు.

మేస్త్రి: తొమ్మిదెకరాల తొంభై సెంట్లు మాగాణి ఉన్నోడో?

కన్సల్టెంట్: అటు రైతూ అవుతాడు, ఇటు బీదా అవుతాడు. ఆదర్శ అభ్యర్థి.

మేస్త్రి: గోదారి కాలవ కింద తొమ్మిదెకరాలున్న బీదోడు ఎక్కడున్నాడో చెప్పండి సారూ. మా ఊళ్లో పెళ్లిళ్ల పేరయ్యలు చూసుకుని చచ్చిపోతారు.

కన్సల్టెంట్: ఆదాయం సర్టిఫికెట్లో రెండున్నర దాటకపోతే చాలండీ. భూమి చెప్పేది వేరు, కాగితం చెప్పేది వేరు. మీకు ఎకరం లేదు కాబట్టి పదెకరాల పరీక్షలో ఫస్టుక్లాసులో పాసైపోతారు. సచివాలయానికెళ్లి వేలిముద్ర వేస్తే అయిపోతుంది.

మేనల్లుడు: అక్కడే ఆగిపోయింది సార్. మా అక్క డిగ్రీ ఫీజుకి అమ్మని తీసుకెళ్లాం. పది వేళ్లూ పెట్టింది. మిషను ఒక్కటీ పోల్చుకోలేదు. చిన్నప్పట్నించీ మట్టి పిసికిపిసికి గీతలు అరిగిపోయాయంట.

మేస్త్రి: విన్నారా అండి? మట్టితో మాట్లాడే వేళ్లకి మిషనుతో మాటల్లేవు.

కన్సల్టెంట్: ఐరిస్ ఉంటుంది కదా! కళ్లతో చేస్తారు.

మేనల్లుడు: ఉంది సార్. ఛార్జింగు లేదన్నారు.

కన్సల్టెంట్: అయితే ఓ వారం పని మాన్పించి చేతులకి వేజలీన్ రాయించండి. గీతలు తేలతాయి.

మేస్త్రి: వారం పని మానేస్తే ఆదాయం తగ్గుద్దండి.

కన్సల్టెంట్: ఇంకా మంచిది!

(ఈ జవాబు విని మేస్త్రి కాసేపు మాట్లాడలేదు. కన్సల్టెంట్ అది ఒప్పుకోలు అనుకున్నాడు.)

కన్సల్టెంట్: ఇది కాకపోతే ఐసీఏఆర్ జాతీయ ప్రతిభా స్కాలర్‌షిప్ ఉంది. వాళ్ల కోటాలో సొంత రాష్ట్రం దాటి వేరే రాష్ట్రం యూనివర్సిటీలో చేరినవాళ్లకిస్తారు.

మేస్త్రి: కడియం కుర్రోడు మొక్కలు నేర్చుకోవాలంటే కడియం వదిలిపోవాలన్నమాట.

కన్సల్టెంట్: అదీ వద్దంటే విదేశాలున్నాయి. అక్కడ పాస్‌పుస్తకం గొడవ లేదు, వ్యాసం రాస్తే చాలు. ‘ప్రకృతితో నా తొలి ప్రేమ’. ఏం బాబూ, మొక్కలంటే నీకు ఎప్పుడు ప్రేమ పుట్టింది?

మేనల్లుడు: పుట్టలేదు సార్. ఎండాకాలం సెలవుల్లో కూలికొచ్చాను.

కన్సల్టెంట్: అయ్యయ్యో, అలా రాయకూడదు! బామ్మ పెరట్లో మందారం నీ చెవిలో ఏదో చెప్పిందని రాయాలి. మా దగ్గర రెడీమేడ్ ఉంది. మందారం బదులు నందివర్ధనం కావాలన్నా మార్చిస్తాం. ఇంగ్లండులో కేపబిలిటీ బ్రౌన్ అని పద్దెనిమిదో శతాబ్దపు మహానుభావుడు. బ్లెనిమ్ ప్యాలెస్ చుట్టూ ఉన్న చెరువూ పచ్చికా ఆయన చలవే. మా రెండో స్లయిడులో ఆయన ఫొటోనే.

మేస్త్రి: ఏ కాలేజీ అండి?

కన్సల్టెంట్: కాలేజీ లేదు. ఊళ్లో ఓ జమీందారు కూరగాయల తోటలో పనికుర్రాడుగా చేరాడు.

మేస్త్రి: పాస్‌పుస్తకం అడిగారాండి?

కన్సల్టెంట్: అడిగినట్టు లేదు.

మేస్త్రి: వేలిముద్ర?

కన్సల్టెంట్: మేస్త్రిగారూ!

మేస్త్రి: కోప్పడకండి సారూ. గాలి అంటు కట్టాలంటే కొమ్మకి అంగుళం మేర చుట్టూ బెరడు ఒలవాలండి. లోపలి కర్రకి దెబ్బ తగలకూడదు. తడి నాచు పెట్టి కవరు చుట్టాలి. ఆ తర్వాత చెయ్యి పెట్టకుండా ఉండాలి, అదీ అసలు పని. లోపల వేరు పడిందో లేదో విప్పకుండా పైనించి చూసి చెప్పాలి. ఈడు చెప్తాడు. ఈడు కత్తి పట్టిన కొమ్మ చావడం నేను చూళ్లేదు. ఆ సంగతి రాయడానికి మీ ఫారంలో గడి ఎక్కడుందండి? కులానికుంది, ఆదాయానికుంది, బ్యాంకు ఖాతాకుంది, మందారానికి రెండు పేజీలుంది. చేతికి లేదు.

(ఇక్కణ్నించి మేస్త్రి పశువుల ఎరువు, కోకోపీట్, నేటి యువత అనే మూడు విషయాల మీద చాలాసేపు మాట్లాడాడు. మొదటి రెండూ బాగానే ఉన్నాయి. స్థలాభావం వల్ల మూడూ తీసేశాం.)

కన్సల్టెంట్: (మాట తప్పిస్తూ) ఆ మూల తాళ్లు కట్టి నిలబెట్టారే, వంకర మాను, ఏం చెట్టండీ అది?

మేస్త్రి: ఆలివ్ అండి. స్పెయిన్ నించి కంటైనర్లో దిగింది. వందేళ్ల వయసంటారు. ధర లక్షల్లోనే.

కన్సల్టెంట్: కాస్తుందా?

మేస్త్రి: కాయాలంటే ముందు పూయాలి కదండి. పూతకి గట్టి చలి పడాలి. హైదరాబాదు చలి దానికి విసనకర్ర గాలితో సమానం.

కన్సల్టెంట్: నీడ?

మేస్త్రి: మీరు సన్నంగా ఉన్నారు కాబట్టి సరిపోవచ్చండి.

కన్సల్టెంట్: మరి ఎందుకు కొంటారండీ?

మేస్త్రి: దానికి కాగితాలున్నాయండి! తెగుళ్లు లేవని ఆ దేశం సర్టిఫికెట్, దిగొచ్చని ఈ దేశం అనుమతి, కస్టమ్స్ రసీదు. ఏ ఊళ్లో పుట్టిందో కూడా రాసుంది. మా చెల్లెలికి పుట్టిన తారీఖు కూడా లేదు.

మేనల్లుడు: స్కాలర్‌షిప్‌కి దాన్నే పంపండి మావయ్యా. రేపు విల్లాలో దిగితే ఎకరం కూడా కలిసొస్తది.

కన్సల్టెంట్: మీతో మాట్లాడి లాభం లేదండీ. ఓ నాలుగు మనీప్లాంట్లు ఇప్పించండి, ఆఫీసులో పెట్టుకోవాలి. డిస్కౌంటు ఏమన్నా ఉందా?

మేస్త్రి: ఎందుకుండదండి, ఆయ్! ఆదాయం రెండున్నర లక్షల లోపుంటే సగం ధరకే ఇస్తాం. సర్టిఫికెట్ తెచ్చారా అండి?