బాటమ్ సీనియారిటీ బాబాయి

బిలాస్‌పూర్ వ్యాపార్ విహార్‌లో సాయంత్రంపూట ఎవరైనా స్టాంపు కాగితాలు చంకలో పెట్టుకుని దిక్కులు చూస్తున్నారంటే, బాబాయి కోసమే. ఆయన తాతగారు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికి శ్రీకాకుళం నుంచి వచ్చారు. బాబాయి అదే రైల్వేల పర్సనెల్ బ్రాంచిలో బదిలీ ఫైళ్లు చూసి చూసి రిటైరయ్యాడు. ఫైళ్లు ఆయన్ని వదిలాయి, ఆయన ఫైళ్లని వదల్లేదు.

ఇలాంటి బాబాయి ప్రతి రైల్వే ఊళ్లోనూ ఒకడుంటాడు. సొంతానికి పాన్ డబ్బా కూడా పెట్టడు. మీరు పెట్టే దుకాణానికి మాత్రం అడ్డు పుల్ల వెయ్యందే నిద్రపోడు.

మొన్న ఒక కుర్రాడు, ఇంకొకాయన నడుపుతున్న ఐస్‌క్రీం ఫ్రాంచైజీ తీసుకోబోతూ వచ్చాడు.

"పాతాయన అయిదు శాతం రాయల్టీ కడుతున్నాడు బాబాయ్. నాకూ అంతే కదా?"

బాబాయి కాగితాలు వెనకనుంచి తిరగేశాడు. పొగడ్తలు ముందు పేజీల్లో, బేరం ఆఖరి పేజీల్లో ఉంటాయని ఆయన సిద్ధాంతం.

"ఓన్ రిక్వెస్టు మీద బదిలీ అయినవాడికి పాత సీనియారిటీ వస్తుందేంట్రా? బాటమ్ సీనియారిటీ, కొత్తచోట అందరికన్నా కిందే! నీకు అదే షాపు వస్తుంది, అదే అగ్రిమెంటు రాదు. కంపెనీ ఒప్పుకోవాలి. కావాలంటే ముందు వాళ్లే కొనుక్కుంటామని ఇక్కడ రాసుకున్నారు. ఒప్పుకుంటే ట్రాన్స్‌ఫర్ ఫీజు. ఆపైన ఇవాళ్టి నమూనా మీద, ఇవాళ్టి రాయల్టీకి సంతకం. దానిమీద జీఎస్టీ పద్దెనిమిది శాతం."

"పోనీ, తీసుకున్నాక సదర్ బజార్‌కి మార్చుకుంటే?"

"ఈ చుట్టుపక్కల ఇంకో షాపు పెట్టబోమన్న మాట ఈ అడ్రసుకిచ్చింది, నీ మొహానికి కాదు. అక్కడ మళ్లీ అడగాలి. కొత్త ఇంటీరియర్ నీ ఖర్చు. సామాను సర్దుకునేలోపు పోయిన నెలలు గడువులో కలపరు."

"ఇంత అన్యాయానికి చట్టం లేదా?"

చట్టం పేరెత్తితే బాబాయికి టీ కూడా అక్కర్లేదు. మన దేశంలో ఫ్రాంచైజీకని విడిగా చట్టం లేదు. ప్రధానంగా 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు, అంటే కాగితం మీద ఏముందో అదే. దానికి ఆయన దగ్గరో ఉదాహరణ ఉంది. 1993లో పార్లే వాళ్లు థమ్సప్, లిమ్కా బ్రాండ్లని కోకాకోలాకి అమ్మేశారు. సీసాలు నింపే గుజరాత్ బాట్లింగ్ కంపెనీకి కుర్చీ కదలకుండానే దొర మారాడు. తర్వాత ఆ కంపెనీ షేర్లు కోకాకోలా అనుమతి లేకుండా పెప్సీ వైపు చేరాయి. అగ్రిమెంటు నడిచినన్నాళ్లూ పోటీ సరుకు ముట్టకూడదన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది.

"దుకాణం అమ్మలేదు, షేర్లే అమ్మామన్నా వదల్లేదురా!" అన్నాడు బాబాయి, ఆ తీర్పు తనే రాసినంత ఆనందంగా.

కుర్రాడు నీరుగారిపోయాడు. "ఇంతకీ సంతకం పెట్టమంటావా, వద్దంటావా?"

బాబాయి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఆయన ఏ ఫైలు మీదా అవునని గానీ కాదని గానీ రాయలేదు.

"నేను రిమార్కు రాశాను. ఫైలు మీ ఆవిడకి పుటప్ చెయ్యి. శాంక్షను ఆవిడది."