తెర కుడిమూల ద్విపదకు టీకా తాత్పర్యం

మూలం:
యాక్టివేట్ విండోస్
గో టు సెట్టింగ్స్ టు యాక్టివేట్ విండోస్

అవతారిక: మార్చి నెలాఖరు లెక్కల్లో మునిగిన గుమస్తాకు, తెర అడుగున కుడివైపు బూడిదరంగులో ఈ రెండు పాదాలు ప్రత్యక్షమైన సందర్భం. ఏ ఫైలు తెరిచినా దాని మీదే తేలుతుంటాయి.

ప్రతిపదార్థం: విండోస్ = విండోస్ అనుదానిని; యాక్టివేట్ = లైసెన్సు కలదని నమ్మించుము; టు యాక్టివేట్ విండోస్ = అట్లు నమ్మించుటకై; సెట్టింగ్స్ = సెట్టింగ్స్ అను తావునకు; గో టు = పొమ్ము. ‘ఓ గుమస్తా’ అని అధ్యాహారం.

తాత్పర్యం: లైసెన్సు రుజువు కాలేదు. వెళ్లి రుజువు చేసుకో.

విశేషాలు: చిక్కంతా ఆ అధ్యాహారం దగ్గరే. కవి కర్తను చెప్పలేదు. ఎదుట కూర్చున్న గుమస్తాయే అని పూర్వపక్షం. పాపం, అతడు సెట్టింగ్స్‌కు పోనే పోతాడు. మీ సంస్థ యాక్టివేషన్ సర్వర్ అందడం లేదు, ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిసి మళ్లీ ప్రయత్నించండి అని అక్కడ జవాబు. ఆఫీసులోనే కేబుల్ తగిలించుకుని కూర్చున్నవాడికి ఈ మాట! పూర్వపక్షం నిలవదు.

కర్త సిస్టమ్ అడ్మిన్ అని సిద్ధాంతం. వందల కంప్యూటర్లున్న చోట ఒక్కొక్కదానికీ కీ కొట్టరు. కేఎంఎస్ అనే సర్వర్ అన్నిటికీ పూచీ పడుతుంది. ఆ పూచీ 180 రోజులే. కంప్యూటర్ వారానికోసారి వెళ్లి దాన్ని పొడిగించుకోవాలి. ఆర్నెల్లు వీపీఎన్ కలపకుండా ఇంట్లోనే నడిచిన లాప్‌టాప్ మీద ఈ పద్యం వెలిస్తే వింతేముంది?

పంచాయతీ సమావేశంలాగా ఈ సర్వర్‌కూ కోరం కావాలి. 25 కంప్యూటర్లు అడిగితేగాని డెస్క్‌టాప్‌లకు పూచీ పడదు. 24 వస్తే 24 కూడా వట్టిచేతులతో వెనక్కే. కొత్తవి 40 కొన్నాం కదా అంటారేమో. అన్నిటినీ ఒకే ఇమేజ్ నుంచి దింపి, సిస్‌ప్రెప్‌తో జనరలైజ్ చేయడం మరిస్తే అన్నిటి గుర్తింపూ ఒక్కటే అవుతుంది. సర్వర్ లెక్కలో ఆ నలభై కలిపి ఒకటి. వైయాకరణులైతే ఏకశేషం అని సంతోషిస్తారు, అడ్మిన్ సంతోషించడు.

ఇక ఎర్రర్ కోడ్. దాని చివర 038 ఉంటే కోరం చాలలేదు. 074 ఉంటే సర్వర్ దొరకలేదు: డీఎన్‌ఎస్‌లో దాని జాడ లేకపోయి ఉండాలి, లేదా ఫైర్‌వాల్ 1688 పోర్టును మూసి ఉండాలి. 06సి ఉంటే గడియారం తప్పు. సర్వర్‌తో తేడా నాలుగు గంటలు మించితే తిరస్కారమే. ఈ అంకెలు గుమస్తా ఫోన్‌లో చదివి వినిపిస్తే అడ్మిన్‌కు సగం పని తప్పుతుంది. ‘ఏదో వస్తోందండీ’ అంటే తప్పదు.

అలంకారం: అన్యాపదేశం. గుమస్తాను పిలిచి అడ్మిన్‌కు వినిపించడం. ఛందస్సు: లేదు.

ప్రక్షిప్తాలు: కొన్ని ప్రతుల్లో ఈ పాదాలు కనబడవు. అవి పరిష్కృత ప్రతులు కావు, ఎవరో క్రాక్ ఎక్కించినవి. ముందు యాంటీవైరస్ ఆపమనే పాఠాన్ని ఏ పండితుడూ ఒప్పుకోడు. 1957 నాటి కాపీరైటు చట్టంలో 63బి సెక్షన్ కూడా ఒప్పుకోదు. అది కర్తను దాచకుండా చెబుతుంది: దొంగ ప్రతి అని తెలిసీ కంప్యూటర్‌లో వాడినవారికి 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా.