పెట్టెల మావయ్య

తాటిపాకలో ఓఎన్‌జీసీ వాళ్లు చమురు శుద్ధి చేస్తారు. మా పెట్టెల మావయ్య శబ్దాన్ని శుద్ధి చేస్తాడు. తేడా ఏంటంటే, వాళ్ల సరుకు బయటికొస్తుంది.

ఆయనింట్లో స్పీకర్లు లేని పెట్టెలు ఏడు, పెట్టె లేని స్పీకర్లు రెండు. ఆరంగుళాల ఫుల్ రేంజ్ జత అది. మృదంగం నించి తాళాల దాకా అన్నీ ఒక్క కాగితం కోనే పలకాలి. "కోను ముందుకి తోస్తే వెనక లాగుతుందిరా. ఆ రెండు శబ్దాలూ కలిస్తే బాస్ హరీ! వాటాలు పడ్డ అన్నదమ్ములన్నమాట, మధ్యలో గోడుండాల్సిందే" అంటాడు. ఆ గోడ ఎలా కట్టాలన్నదే పదకొండేళ్లుగా తేలలేదు.

మొదట అన్ని వైపులా మూసేసిన పెట్టె కట్టాడు. ఘంటసాల పల్లవి ఎత్తుకున్నాడో లేదో, "గొంతు బిగిసింది" అని మావయ్య స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. తర్వాత గొట్టం బిగించిన పెట్టె. కూజా మూతి మీద ఊదితే బుమ్మంటుందే, అదే సూత్రం. 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ దానికి లెక్కలు కట్టాడు. మావయ్య ఆ లెక్కలకి గొట్టాన్ని అరంగుళం కోశాడు, మళ్లీ అతికాడు, మళ్లీ కోశాడు. పాట మాత్రం పల్లవి దాటలేదు.

మూడోది పావు అల గొట్టం. 40 హెర్ట్‌జ్ అలలో పావు వంతంటే ఏడడుగులు. నిలబెడితే నడవ చూరుకి తగిలింది. మధ్యకి మడిచి, లోపల కొబ్బరి పీచు కూరాడు. బాస్ మాటేమోగానీ, అందులో ఎలుక పురుడు పోసుకుంది.

పెట్టే వద్దు, పలక చాలని పెరటి తలుపు పీకి కన్నం పెట్టినప్పుడు అత్తయ్య పుట్టింటికి పోతానంది. "ఆగవే, నువ్వుంటేనే గదిలో ప్రతిధ్వని సరిపోతోంది" అన్నాడు.

ఓసారి వడ్రంగితో, "బొబ్బిలి వీణ పనసకర్రే కదా, పెట్టె కూడా దాంతోనే చెయ్యి" అన్నాడు.

"వీణకైతే కర్ర కూడా పాడాలండి. పెట్టెకైతే కర్ర నోరుమూసుకోవాలి కదండీ. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలండాయ్!"

ఆ రాత్రి 18 మేలా, 25 మేలా అని మావయ్యకి నిద్ర లేదు.

ఖాళీ పెట్టెలు అత్తయ్య పాలిట వరాలయ్యాయి. ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో ఊరగాయ జాడీలు. ఇంకోదానికి స్పీకర్ కోసమని కోసిన కన్నంలోంచి కోడి దూరి పొదుగుతోంది. పెట్టెలో పెట్ట!

మొన్న కనుమనాడు మావయ్య జగ్గన్నతోట తీర్థానికెళ్లాడు. వడియాలు ఎండబెట్టడానికి బల్ల కావాల్సొచ్చి, అత్తయ్య దాని మీదున్న స్పీకర్లు రెండూ తీసి, ఖాళీ కుండల మూతుల మీద బోర్లించింది. మనవడు ఊరుకోక పాట పెట్టాడు.

తిరిగొచ్చిన మావయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. పల్లవి అయింది. చరణమొచ్చింది. ఆ ఇంట్లో చరణం వినబడ్డం అదే మొదలు. రెండో చరణం కూడా అయ్యేదాకా కదల్లేదు.

"ఈ కుండ ఎన్ని లీటర్లే?"

అత్తయ్య మారు మాట్లాడకుండా కుండలు రెండూ లోపల పెట్టి తాళం వేసింది.