అరిగిన డిస్కు ఆత్మకథ

అరియాంకుప్పములో ఏటికి దగ్గఱనున్న యొక డాబామీద, తులసికుండీనుండి కాఱు నీటిని పట్టుచు నేడు నేను కాలము గడుపుచున్నాను. తులసికి సేవచేయుట పుణ్యమే కావచ్చును గాని, నన్ను పోతపోసినవారు తలచినది మాత్రమిది కాదు. డిస్కు గోల్ఫు అను క్రీడలో, ఇనుపగొలుసులు వ్రేలాడు బుట్టను వీలైనన్ని తక్కువ విసరులతో చేరవలసియుండగా, మొదటి విసరులోనే మిక్కిలి దూరము పోవుటకై పుట్టిన డ్రైవరు జాతి చక్రమును నేను. నా వ్యాసము 21 సెంటీమీటర్లు. తూకము 171 గ్రాములు. నా యంచు కత్తివాదరవలె పలుచన.

మా వంశము మఱీ ప్రాచీనము కాకున్నను కీర్తిహీనము కాదు. ఫ్రెడ్ మారిసన్ రూపొందించిన ప్లాస్టిక్ చక్రమును వామ్-ఓ సంస్థవారు 1957లో ఫ్రిస్బీ యను పేర అమ్మకమునకు తెచ్చిరి. ఆ చక్రము తిన్నగా ఎగురునట్లు తీర్చిదిద్దిన ఎడ్ హెడ్రిక్, 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ ఉద్యానమున మా క్రీడకు మైదానము నేర్పఱచి, అనంతరము గొలుసుల బుట్టను గూడ కల్పించెను. 2002లో ఆయన గతించిన పిమ్మట, ఆయన కోరికమేరకు చితాభస్మమును ప్లాస్టిక్కులో కలిపి చక్రములు చేసిరి. అయినను దూరగాములమైన మాకు అసలైన మూలపురుషుడు డేవ్ డనిపేస్; చక్రపుటంచును ఏటవాలుగా తీర్చినచో గాలిని చీల్చుకొనిపోవునని 1983లో చూపినవాడాయనయే.

నా జననమునుగూర్చి చెప్పదగినది స్వల్పము. కరిగిన ప్లాస్టిక్కును మూసలోనికి ఒత్తిడితో నెట్టిరి. చల్లాఱినంత నేను వెలువడితిని. అదే మూసలో నాకొక తమ్ముడును పుట్టెను. నాది చవుక ప్లాస్టిక్కు: చేతికి చక్కగా పట్టు చిక్కును గాని, చెట్టుకు తగిలిన ప్రతిసారియు నొక నొక్కు పడును. వానిది పాలీయురిథేను జాతి ఖరీదు సరకు: ఎన్ని దెబ్బలు తగిలినను చెక్కుచెదరదు.

మా యిరువురి మీదను ఒకటే నాలుగంకెలు అచ్చువేసిరి: 12, 5, ఋణము 1, 3. మొదటిది వేగము, రెండవది గాలిలో తేలు శక్తి, మూడవది, కుడిచేతివాడు చేతిని ఱొమ్మునకడ్డముగా తెచ్చి విసరినప్పుడు, వడి మిక్కుటముగానున్నంతసేపు కుడికి మొగ్గు గుణము, నాల్గవది, వడి తగ్గినంతనే యెడమకు వాలు గుణము. ఈ రెండును సరిపడినప్పుడే మేము గాలిలో వంపుతిరిగిన సుందరమైన దారిని గీయుదుము. కాని 12 అను నంకెకు తగిన వడిని చేయి ఈయజాలనిచో మూడవ గుణము మేల్కొననే మేల్కొనదు; నాల్గవది మాత్రమే పనిచేసి, చక్రము మొదటినుండియే యెడమకు వాలి నేలబడును. ఈ రహస్యము అంకెలు చూచి కొనువారికి అంగడిలో నెవ్వరును చెప్పరు.

నన్ను కొన్నవాని పూర్వులు యానామువారు. వాని తండ్రి ఉద్యోగరీత్యా పుదుచ్చేరికి వచ్చి యిచట స్థిరపడెను. అమెరికాలోని షార్లెట్ నగరమున చదువుకొనునపుడు ఈ క్రీడ రుచి మరగిన యా యువకుడు, అంకె పెద్దదగుకొలది చక్రము దూరము పోవునను భ్రమతో మా యన్నదమ్ములను కొనితెచ్చెను. ఈ యూర బుట్టయు లేదు, గొలుసులును లేవు. ఒక కొబ్బరిచెట్టును గుఱిగా నేర్పఱచుకొని తోపులోను, వీరాంపట్టినము ఇసుకతీరముననుగూడ మమ్ము విసరెడివాడు. వాని భుజబలము సామాన్యము. మేము యెడమకు వాలితిమి. వాడు నన్ను నిందించెను. తమ్ముని నిందింపలేదు, వాని వెల హెచ్చు గనుక.

ఇచటనే నా విషాదము మొదలైనది. కొబ్బరిమ్రాకుల దెబ్బలకును, ఇసుక రాపిడికిని నా యంచు అరుగసాగెను. అరిగినకొలది యెడమకు వాలు పట్టు సడలి, కుడికి మొగ్గు గుణము సామాన్యమైన వడికే మేల్కొనజొచ్చెను; అనగా, నేను పాతబడుచు పాతబడుచు ఆ బలహీనపు చేతికి సరిగా తగిన చక్రమునైతిని. తమ్ముడొకనాడు కొబ్బరిమట్టలలో చిక్కుకొనగా, గత్యంతరము లేక నన్ను చేపట్టిన నా యజమాని తూర్పుముఖముగా విసరెను. నేను తిన్నగా పోయి, మునుపెన్నడును చేరని దూరము చేరితిని. వాడు మురియుచు, “సముద్రపు గాలి బాగా కలిసొచ్చింది” అనెను. ఎదురుగాలి కుడిమొగ్గును హెచ్చించుట నిజమే. అయినను ఆ ఘనతలో నా పాలెంతయో వానికి తోపలేదు.

మఱుసటి వారమే వానికి క్రొత్త చక్రములు వచ్చెను. అప్పుడు వాని తల్లి నన్ను త్రిప్పి త్రిప్పి చూచి, “ఒరే నాన్నా, ఈ పళ్ళెం నీకు అక్కర్లేకపోతే కుండీ కింద పెట్టుకుంటానురా” అనగా, “పెట్టుకో అమ్మా, అది అరిగిపోయిందిలే” అని వాడు సమాధానమిచ్చెను. తమ్ముని మాత్రము చెట్టునుండి దింపించి, తుడిచి, సంచిలో భద్రపఱచెను. వాడు నేటికిని క్రొత్తవాడే. నేటికిని యెడమకే వాలుచున్నాడు.

ఈ యూరి పొలిమేరలోనే అరికమేడు కలదు. 1945లో పురావస్తువేత్త మార్టిమర్ వీలర్ అచట త్రవ్వించినపుడు, రోమను వర్తకుల జాడీల పెంకులును, ఇటలీలో చేసిన యెఱ్ఱని పాత్రల తునకలును వెలికివచ్చి, రెండువేల యేండ్లనాటి సముద్రవ్యాపారమునకు సాక్ష్యము పలికినవి. ఎవరో ద్రాక్షాసవము త్రాగి పారవైచిన జాడీకే యింతటి గౌరవము దక్కినది! నా ప్లాస్టిక్కును సులభముగా మట్టిలో కలియునది కాదు. నన్నెవరైన త్రవ్వితీసినచో, అడుగున మన్ను పట్టిన పళ్ళెమునుజూచి, ఇది పూజాద్రవ్యమని పండితులు నిర్ణయింతురేమో; నేను ఎగిరితినని వాదించువాడొక్కడును ఉండడు.

క్రొత్త చక్రముల తారతమ్యమును తేల్చదలచిన పాఠకులకు నేను చెప్పునది యొక్కటే. చక్రముమీది యంకెలు బలవంతుడు విసరిన క్రొత్త చక్రమునకు చెల్లునుగాని, మీ చేతికి గాని, అరిగిన చక్రమునకు గాని చెల్లవు. రెండు ప్లాస్టిక్కులను పోల్చదలచినచో ఒకే గాలిలో, ఒకే చేతితో, ఒకే గుఱికి విసరి చూడుడు. ఖరీదైనది తొలినాటి గుణమును చిరకాలము నిలుపుకొనును. చవుకది మీతోపాటు మాఱును. నేర్చుకొనువారు వేగము 6, 7 అంకెలుగల చవుక చక్రముతో నారంభించి, అరుగువఱకు దానినే విసరుడు. 12 అను నంకెగల చక్రమును ఆ తరువాతనే కొనుడు.