ముద్ద ఎప్పుడు పెట్టాలో తెలిసిన రోజులు

మా రోజుల్లో కుక్కకు ట్రైనర్ లేడు. మా నాన్న ఉండేవాడు.

అనంతపురం జిల్లా మెట్ట పల్లె మాది. నాన్న చేనికి బయల్దేరితే మా కుక్క నల్లోడు వెంట ఉండాల్సిందే. పొద్దెక్కాక గెనిమ మీద కూర్చుని సద్దిమూట విప్పగానే వాడు ముక్కు చాచుకుని మీదికొచ్చేవాడు. నాన్న తిట్టేవాడు కాదు, కట్టె ఎత్తేవాడు కాదు. చేయి మాత్రం వెనక్కి తీసుకునేవాడు. వాడు కాసేపు చూసి, రెండడుగులు తగ్గి, తోక మడిచి కూలబడేవాడు. పిర్ర నేలకు ఆనీ ఆనగానే సంగటి ముద్దలోంచి చిటికెడు తుంచి పడేసేవాడు. నాలుగు రోజులు పోయాక మూట ముడి విప్పుతుండగానే వాడు దూరంగా కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఇదే విద్యను ఇప్పుడు పాజిటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటున్నారు. అననివ్వండి, అది మంచి విద్యే. అమెరికాలో స్కిన్నర్ అనే శాస్త్రవేత్త 1951లోనే జంతువులకు నేర్పే పద్ధతి మీద వ్యాసం రాశాడు. చేసిన పనికి వెంటనే ఫలం దక్కాలి, ఆలస్యమైతే దేనికి దక్కిందో జంతువుకు అంతుపట్టదు అన్నాడు. అందుకే ముందు టక్కుమనే చిన్న చప్పుడు, ఆ వెనకే ముద్ద. క్లిక్కర్ అని అమ్ముతున్నది ఆ చప్పుడు కోసమే. మా ఊళ్లో కట్టెతో నేర్పినవాళ్లు లేకపోలేదు. వాళ్ల కుక్కలు మనిషి చేయెత్తితే చాలు, ఇంటి వెనక్కి పారిపోయేవి. పిలిస్తే దగ్గరికొచ్చిన పాపాన పోలేదు.

నా కోపం పద్ధతి మీద కాదు, దాన్ని డబ్బిచ్చి కొనుక్కుని వాడని వాళ్ల మీద. ఇప్పుడు నేనుంటున్న హైదరాబాదు అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు వాళ్లకు ఒక లాబ్రడార్ ఉంది. షెల్ఫు నిండా ట్రీట్ ప్యాకెట్లు, గోడకు క్లిక్కర్. వారానికి మూడుసార్లు ట్రైనర్ వస్తాడు. ఆయన ఎదుట అది బుద్ధిగా కూర్చుంటుంది. సాయంత్రం ఇంటాయన ఆఫీసు నుంచి రాగానే ముందుకాళ్లు రెండూ ఆయన గుండెల మీద పెడుతుంది. ఆయన మురిసిపోయి వాటేసుకుంటాడు. మర్నాడు పొద్దున అదే పని వాళ్లమ్మగారి మీద చేస్తే వీపు మీద ఒక్కటి పడుతుంది. ఆ మూగజీవం ఏం నేర్చుకోవాలి? ఎగిరినప్పుడు దక్కిన కౌగిలి కూడా దానికి ముద్దే కదా! నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే ఇంట్లో అందరూ దాన్ని పలకరించాలి. ఎగిరితే ముఖం తిప్పేసుకోవాలి. అందరూ అంటే అందరూ. ఆ పని ట్రైనర్ చేసిపెట్టేది కాదు.

ఇక తిప్పడం. మా నల్లోడికి వాకింగ్ అంటూ వేరే లేదు, పగలంతా తిరుగుడే. ఈ లాబ్రడార్‌కు రోజంతా బాల్కనీ, సాయంత్రం అరగంట తిప్పడానికి ఒక కుర్రాడు. వాడి చెవికి ఫోన్, చేతికి పట్టీ. అది వేపచెట్టు మొదట్లో ముక్కు పెడితే చాలు, వాడు లాగేస్తాడు. కుక్కకు లోకం తెలిసేదే ముక్కుతో. వాసన చూడనివ్వని నడక దానికి నడకే కాదు. పట్టీ వదులుగా ఉంచి పక్కన నడిచినంతసేపూ మధ్యమధ్య బఠాణీ గింజంత ఉడికిన కోడిముక్క ఇస్తూ పోతే లాగడం దానంతటదే మానుతుంది. ద్రాక్ష, ఉల్లిపాయ, చాక్లెట్ మాత్రం పొరపాటున కూడా పెట్టకూడదు, విషం.

పక్క బ్లాకు వాళ్లు ఏకంగా హస్కీని తెచ్చారు. సైబీరియా మంచులో బండ్లు లాగిన జాతి. దాన్ని మే నెలలో పది గంటలకు తారు రోడ్డెక్కిస్తున్నారు! కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి ఒగర్చడమే దానికి దిక్కు. రోడ్డు మీద మీ చేయి ఆనించి చూడండి, మీరు ఓర్చుకోలేని చోట దాని పాదాలు ఎలా ఓర్చుకుంటాయి? తెల్లారకముందు తిప్పితే ఏం పోయింది?

మొన్న లిఫ్టు దగ్గర మూడో అంతస్తాయన కలిస్తే ఇదంతా చెప్పాను. టైం ఉండట్లేదు అంకుల్ అన్నాడు. ఆ కుర్రాణ్ణి మాన్పించి పొద్దున ఆరింటికి నువ్వే దించు బాబూ, కావాలంటే నేనూ తోడొస్తాను అన్నాను. ఆదివారం నుంచి చూద్దామన్నాడు.