డబ్బా కొట్టు, దండం పెట్టు

మన దగ్గర మోటారు సైకిలుకి వచ్చే జబ్బులన్నిటికీ ఒకటే మందు. నీలం, పసుపు రంగుల డబ్బా, దానికో సన్నటి ఎర్ర గొట్టం. చెయిన్ కిర్రుమన్నా అదే, తాళం తిరగకపోయినా అదే, బోల్టు తుప్పు పట్టినా అదే. ఈమధ్య ముందు డిస్కు బ్రేకు పట్టేసినా అదే. బండి తోస్తే కదలదు, చక్రం దగ్గర కాలిన వాసన, డిస్కు తాకితే వేలు బొబ్బెక్కుతుంది. అయినా కంగారేం లేదు. ఆదివారం పూట అపార్టుమెంటు పార్కింగులో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చున్న ఇంటి మెకానిక్ గారు ఫోనులో వీడియో చూసుకుంటూ కాలిపర్‌లోకి రెండుసార్లు తుస్సుమనిపిస్తారు. స్క్రూడ్రైవరుతో పిస్టన్‌ను లోపలికి ఒక్క తోపు తోస్తారు. "అయిపోయిందండీ, ఐదు నిమిషాల పని. దీనికి షెడ్డువాడు ఎంత అడిగాడో తెలుసా?" అంటారు. వాచ్‌మన్ కూడా మెచ్చుకోలుగా తలూపుతాడు.

హైదరాబాదులో 1920 నుంచీ తయారవుతున్న జిందా తిలిస్మాత్ సీసా జలుబుకీ తలనొప్పికీ కడుపునొప్పికీ ఇళ్లలో బయటికొస్తుంది. పాపం, అది కూడా తాను బ్రేకులు బాగుచేస్తానని ఏనాడూ అనలేదు. ఆ మాటకొస్తే ఈ డబ్బావాళ్లూ అనలేదు. డబ్ల్యూడీ-40 పుట్టింది 1953లో, అమెరికాలోని శాన్ డియేగోలో. అట్లాస్ క్షిపణి పైతొడుగు తడికి తుప్పు పట్టకుండా నీటిని తరిమే ద్రవం కోసం వెతికి వెతికి, నలభయ్యో ప్రయత్నంలో సాధించారు. గమనించాల్సిందల్లా ఒక్కటే, క్షిపణికి బ్రేకులుండవు. బ్రేకుల కోసం ఆ కంపెనీ వేరే క్లీనర్‌నే అమ్ముతోంది. కానీ భక్తుడికి భగవంతుడి మాటతో పనేముంది?

వీళ్ల సిద్ధాంతమంతా ఒక్క వాక్యం: పిస్టన్ పట్టేసిందంటే జారుడు తగ్గింది, కాబట్టి జారుడు పొయ్యాలి. వినడానికి ఎంత సబబుగా ఉందో, కాలిపర్ లోపల అంత అబద్ధం.

లివర్ నొక్కితే పైనున్న మాస్టర్ సిలిండర్‌లోంచి బ్రేక్ ఆయిల్ ఒత్తిడి కిందికి దిగి పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ ప్యాడ్‌ను డిస్కుకి అదుముతుంది. మూసి ఉన్న ద్రవంలో ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పాకుతుందని పాస్కల్ రాసిపెట్టిన పుస్తకం ఆయన పోయాక 1663లో అచ్చయింది. తోసే సంగతి ఆయన చూసుకున్నాడు సరే, లివర్ వదిలాక పిస్టన్‌ను వెనక్కి లాగేదెవరు? డ్రమ్ము బ్రేకులో స్ప్రింగులుంటాయి. డిస్కు కాలిపర్‌లో స్ప్రింగు లేదు. ఆ పనంతా పిస్టన్ చుట్టూ గాడిలో కూర్చున్న చదరపు అంచుల రబ్బరు సీల్‌ది. పిస్టన్ ముందుకి కదిలినప్పుడు సీల్ దాన్ని వదలకుండా పట్టుకుని తానూ కాస్త మెలిపడుతుంది. ఒత్తిడి తగ్గగానే మళ్లీ నిటారై పిస్టన్‌ను వెనక్కి గుంజుతుంది. ఎంత? మిల్లీమీటరులో ఏదో చిన్న వంతు. ఆ కాస్త చాలు, చక్రం తిరుగుతుంది. అంటే సీల్‌కి పిస్టన్ మీద పట్టుండటమే దాని ఉద్యోగం. మనవాడు అక్కడ జారుడు పోస్తానంటాడు.

పైగా ఆ రబ్బరు మామూలుగా ఈపీడీఎం జాతిది. గ్లైకాల్ ఆధారంగా చేసిన డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్‌తో అది హాయిగా కాపురం చేస్తుంది. పెట్రోలియం సరుకు తగిలితే మాత్రం ఉబ్బి మెత్తబడుతుంది. ఉబ్బిన సీల్ పిస్టన్‌ను ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. అప్పుడు మన మెకానిక్ గారు మరో రెండుసార్లు తుస్సుమనిపిస్తారు. ఎగిరిన తుంపర ప్యాడ్ల మీదా డిస్కు మీదా కూడా పడుతుంది గనక చక్రం నిజంగానే స్వేచ్ఛగా తిరుగుతుంది. ఎంత స్వేచ్ఛగా అంటే, సందు మలుపులో ఆవు అడ్డొచ్చినా సరే, తిరుగుతూనే ఉంటుంది.

అసలు పిస్టన్ ఎందుకు పట్టేస్తుందో అడిగే తీరిక ఈ ఐదు నిమిషాల్లో ఉండదు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికి జరుగుతూ వస్తుంది. బయటపడిన ఆ మేరకి వానాకాలం బురద, ప్యాడ్ల పొడి, మచిలీపట్నం, విశాఖ లాంటి చోట్ల ఉప్పుగాలి అన్నీ అంటుకుని ఎండి గట్టిపడతాయి. కొత్త ప్యాడ్లు వేసిన రోజున ఆ మురికి పిస్టన్‌ను అలాగే లోపలికి నెడతాం. మురికంతా సీల్ పెదవుల దగ్గర ఇరుక్కుంటుంది. ఇంకో దారి, సీల్ కూర్చునే గాడిలోనే అల్యూమినియం తుప్పు తెల్లటి పొడిలా పేరుకుని సీల్‌ను వెనకనుంచి పిస్టన్ మీదకి నొక్కడం. బయట ఎన్ని డబ్బాలు కొట్టినా ఆ గాడిలోకి చేరదు. చేరితే అది వేరే విషాదం.

ఈ పాపంలో సగం మెకానిక్‌ది కాదు, పెద్దవాళ్లది. "ముందు బ్రేకు ముట్టుకోకురా, పల్టీ కొడతావు" అన్న దీవెన వినకుండా తెలుగునాట ఎవరూ బండి నేర్వలేదు. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదకి వాలుతుంది, ఆపగల సత్తా అక్కడే ఎక్కువ. 1999లో హీరో హోండా సీబీజెడ్ ముందు డిస్కుతో వచ్చి పాతికేళ్లు దాటింది. అయినా లక్షల రూపాయలు పోసి డిస్కు బండి కొని, ఆ డిస్కుని షోకేసులో బొమ్మలా దాచుకునేవాళ్లకి కొదవలేదు. వాడని పిస్టన్ ఉన్నచోటే పాతుకుపోతుంది. ఏడాదికోసారి, ఆవు అడ్డొచ్చినప్పుడు, దాన్ని నిద్రలేపుతారు. అది వెళ్లి మళ్లీ తిరిగి రాదు. "చూశావా, అందుకే ముందు బ్రేకు వద్దన్నాను" అని మావయ్య గారు సిద్ధంగా ఉంటారు.

డబ్బా పారకపోతే రెండో అంకం మొదలవుతుంది. పిస్టన్‌ను ప్లయరుతో పట్టి మెలితిప్పుతారు. క్రోమ్ పూతకి గాట్లు పడతాయి, ఆ గాట్లు సీల్‌ను కోస్తాయి. నునుపు చేద్దామని ఎమరీ పేపరు తెస్తారు, పూతే పోతుంది. పెట్రోలుతో సీళ్లు కడుగుతారు, ఉబ్బుతాయి. ఇంకొంచెం ధైర్యస్తులు పంక్చరు షాపు గాలి గొట్టం పెట్టి పిస్టన్‌ను బయటికి కొట్టిస్తారు. అది వేలి మీదుగా వెళ్లి గోడకి తగులుతుంది. వాటర్ సర్వీసింగు కుర్రాడి సేవ సరేసరి, మెరుపు కోసం బండంతా డీజిల్ పిచికారీ. చక్రాలకి మినహాయింపేమీ ఉండదు.

నిజంగా చేయాల్సిన పనిలో వీడియోకి పనికొచ్చే నాటకీయత ఏమీ లేదు. కాలిపర్ విప్పి, ప్యాడ్లు తీసి, లివర్‌ను మెల్లగా ఒక్కో నొక్కు నొక్కుతూ పిస్టన్‌ను ఎనిమిది పది మిల్లీమీటర్లు మాత్రమే బయటికి రప్పించాలి. రెండు పిస్టన్లుంటే వచ్చేదాన్ని వేలితో ఆపి రానిదాన్ని రానివ్వాలి. సబ్బునీళ్లు, పాత టూత్ బ్రష్షు. అందని వెనక వైపుకి బూటు లేసు చుట్టి అటూ ఇటూ లాగాలి. పిస్టన్ మెరిశాక బ్రేక్ ఆయిలో, రబ్బరు గ్రీజో పల్చగా రాసి వేళ్లతో లోపలికి నొక్కాలి. ఇలా రెండు మూడుసార్లు. వేళ్లకి లొంగకపోతే సీళ్లు మార్చక తప్పదు, గాడిలోని తెల్ల పొడి గోకక తప్పదు. జారుడు కాలిపర్ అయితే అది జరిగే పిన్నులు ఎండిపోయాయేమో చూసి సిలికాన్ గ్రీజు పెట్టాలి. పిస్టన్ మీద వేసిన నిందల్లో చాలా భాగం ఈ పిన్నులదే. ఇందులో మంత్రం లేదు, తుస్సు లేదు. అందుకే దీనికి గిరాకీ లేదు.

బ్రేక్ ఆయిల్ ఊసు అసలే రాదు. అది గాలిలోని తేమను తాగుతూ ఉంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. "నిండుగానే ఉంది కదండీ" అంటారు మనవాళ్లు, టీ కషాయం రంగుకి తిరిగిన డబ్బీని చూపించి. పిస్టన్ సగం పట్టేసి, ప్యాడ్ రాసుకుంటూ లంబసింగి నుంచి నర్సీపట్నం వైపు ఘాట్ దిగితే ఆ వేడికి ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి, లివర్ మెత్తగా హ్యాండిల్‌కి వచ్చి ఆనుకుంటుంది. మంచు చూడ్డానికి వెళ్లినవాళ్లకి లోయ కూడా చూపించే ఏర్పాటు.

ఇంతకీ తప్పు పిస్టన్‌దేనా? చక్రం పట్టేసి ఉండగా కాలిపర్ మీది బ్లీడర్ నిపుల్‌కి గొట్టం తగిలించి కాస్త వదులు చేయండి. చుక్క ఆయిల్ కారి చక్రం ఒక్కసారిగా విడిపోతే, కింద పిస్టన్ నిర్దోషి. ఒత్తిడి పైనే బందీ అయింది. మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ తిరిగి వెళ్లే సూదిమొనంత రంధ్రం మూసుకుపోయి ఉండాలి, లేదా లివర్ దాన్ని పూర్తిగా వదలకపోయి ఉండాలి. రెండోదానికి కారణం చాలాసార్లు కళ్లముందే తళతళలాడుతూ ఉంటుంది: రేసు బండిలా కనిపించాలని ఆన్‌లైనులో తెప్పించి, పట్టనిచోట సుత్తితో పట్టించిన ఎర్ర రంగు ఫ్యాషన్ లివర్. దాన్ని తీసేయమంటే మాత్రం మన మెకానిక్ గారి మొహం మాడిపోతుంది. "లివర్‌ది కాదండీ, మొన్ననే బిగించాను" అంటూ స్టూలు కింద చెయ్యి పెట్టి డబ్బా కోసం తడుముకుంటారు.