ఉష్ణోదక పరిణయం

కావ్యమన్నాక అష్టాదశ వర్ణనలు ఉండాలని ఆలంకారికుల ఆజ్ఞ. పురం, సముద్రం, శైలం, ఋతువులు, సూర్యోదయం, పెళ్లి, మంత్రాంగం, దండయాత్ర, యుద్ధం, చివరికి నాయకుడి అభ్యుదయం. మా ఇంటి వేడినీళ్ల ఏర్పాటులో వీటిలో చాలావరకు ఉన్నాయి. సముద్రం లేదు గానీ రెండు వందల లీటర్ల ట్యాంకు ఉంది. జలక్రీడ అంటారా, డిసెంబరు తెల్లవారుజామున బకెట్లో వేలు ముంచి తీయడంతోనే సమాప్తం.

ఇక పురవర్ణన. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు పట్టి, బోడుప్పల్, నారపల్లి, పోచారం అనే సామంత రాజ్యాలను దాటితే వచ్చేది ఘట్‌కేసర మహాపురం. దానికి పడమట చర్లపల్లిలో గ్యాస్ బండలు నింపే ప్లాంట్లున్నాయి. అది అగ్నిదేవుడి పుట్టిల్లు. తూర్పున భువనగిరి ఏకశిల, మా పాలిట ఉదయాద్రి. సాయంత్రం సూర్యుడు ఉప్పల్ స్టేడియం దిక్కున దిగుతాడు. మ్యాచ్ ఉన్న రోజు ఆ ఫ్లడ్‌లైట్లు చూసి చిన్నబుచ్చుకుంటాడో ఏమో. అగ్ని, సూర్యుడు అనే ఈ ఇద్దరు వెలుగుల దొరల నడుమ నూట యాభై గజాల్లో మా ఇల్లు. కింద రెండు గదులు, పైన రెండు, ఆపైన డాబా, డాబా మీద కోతులు.

మా కథానాయకుడు సామాన్యుడు కాడు. పదిహేను కోట్ల కిలోమీటర్ల నుంచి 8 నిమిషాల 20 సెకన్లలో మా పిట్టగోడ మీదికి కిరణం పంపగలవాడు. కాకపోతే వేళాపాళా తెలియదు. మే 9 ప్రాంతంలో సరిగ్గా నడినెత్తికెక్కి మన నీడను కూడా మనకు మిగల్చడు. ఆ రోజుల్లో ఏ యంత్రమూ లేకుండానే సింటెక్స్ ట్యాంకులో నీళ్లు చేయి కాలుస్తాయి, వేడినీళ్లు కావాలన్న నాథుడు ఇంట్లో ఉండడు. అదే డిసెంబరు చివర చూడండి. మిట్టమధ్యాహ్నం కూడా 49 డిగ్రీల ఎత్తు దాటడు. దక్షిణానికి ఒరిగి, పక్కింటివాళ్ల ట్యాంకు చాటున నక్కి నడుస్తాడు. మనకు ఆయనతో పని పడేది అప్పుడే. అందుకే ఆయన శీతాకాలపు అలకను లెక్కలో పెట్టుకుని మా సోలార్ హీటర్ ట్యూబులను దక్షిణముఖంగా, మా అక్షాంశం పదిహేడున్నరకు మరో పది కలిపి, 28 డిగ్రీల వాలులో కూర్చోబెట్టాం.

ఆ ట్యూబును దగ్గర నుంచి చూడాలి. రెండు పొరల గాజు నాళం, 58 మిల్లీమీటర్ల లావు, ఆరడుగుల పొడవు. లోపొరకు కాటుక పూత, పొరల మధ్య శూన్యం. వేదాంతులు ఏళ్ల తరబడి వెతికే శూన్యం మా డాబా మీద వరసగా ఇరవై గొట్టాల్లో ఉంది. లోపల నీళ్లు మసిలిపోతున్నా పైగాజు మీద చేయి వేస్తే చల్లగా తగులుతుంది. పొద్దున మంచు బొట్లు కూడా ఆరకుండా అలాగే ఉంటాయి. తోక దగ్గర వెండి బొట్టు లాంటి మెరుపు కనబడుతుంది. అది బేరియం పూత. ఎక్కడో చీలిక వచ్చి శూన్యంలోకి గాలి దూరిందా, ఆ వెండి కాస్తా సున్నంలా తెల్లబడిపోతుంది. చచ్చిపోయానని ఇంత నిజాయితీగా చెప్పే వస్తువును నేను ఇంకోటి చూడలేదు.

మోటారు లేదు, పంపు లేదు. కాగిన నీరు తేలికై ట్యాంకులోకి ఎక్కుతుంది, చల్లనిది బరువై ట్యూబులోకి దిగుతుంది. ఈ కిటుకుతోనే 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ అనే ఆయన ట్యాంకును ఎండపెట్టె నుంచి విడదీసి పైన పెట్టాడు. వేడి రాత్రికీ నిలుస్తుంది గనుక తన సరుకుకు 'డే అండ్ నైట్' అని పేరు పెట్టి అమ్మాడు. 1920లలో లాస్ ఏంజెలిస్ చుట్టుపక్కల సహజవాయువు దొరికింది. అంతే, అదే కంపెనీ సూర్యుణ్ణి వదిలేసి గ్యాస్ హీటర్ల వైపు తిరిగింది. మా ఇంట్లో పెళ్లికి కూర్చున్న సూర్యుడు, గ్యాసు అనే రెండు పక్షాల మధ్య పాతకక్ష ఉందన్నమాట.

రెండో పక్షం గ్యాసు. పిలిస్తే పలుకుతాడు గానీ ప్రతి పలుకుకూ కూలి లెక్క కడతాడు. ఇరవై లీటర్ల బకెట్‌ను 20 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే 400 కిలో కేలరీలు. కిలో గ్యాసులో దాదాపు 11,000 ఉంటాయి, అయిదో వంతు పొగగొట్టానికి దక్షిణ. అంటే బకెట్‌కు 45 గ్రాములు, 14.2 కిలోల బండకు మూడు వందల పైచిలుకు బకెట్లు. ఈ లెక్క కరెంటు బిల్లు వెనక వేసి, కిందనే సంబంధం కూడా ఖాయం చేశాను: సోలార్ ట్యాంకు నుంచి ఒక గీత, గీత చివర గ్యాస్ గీజర్, గీజర్ నుంచి బాత్రూమ్.

మంత్రాంగానికి వచ్చినవాడు నాచారంలో ఫ్యాక్టరీ పని మానేసి ప్లంబింగ్ పట్టిన అన్న. కాగితాన్ని తిప్పి, ముందు కరెంటు బిల్లు ఎంతొచ్చిందో చూశాడు. తర్వాత నా గీతలు చూశాడు.

"అన్నా, సోలార్ నీళ్లు గీజర్‌లోంచే పోనిద్దాం. తక్కువైన వేడి గ్యాసు కలుపుతుంది."

"ఎండ గొట్టిన్నాడు ఏం జేస్తరు సార్? అరవై డిగ్రీల నీళ్లకు ఇది ఇంకో పాతిక కలుపుతది. తానం గాదు, కోడి ఉడుకుతది."

బయటికొచ్చే వేడిని కొలుచుకుని మంట తగ్గించుకునే గీజర్లు ఉన్నాయి. నేను కొన్నది చేత్తో నాబ్ తిప్పేది.

"మరెట్లా?"

"బైపాస్ గొట్టాలె. రెండు వాల్వులు. ఒకటి తెరిస్తే ఇంకోటి బంద్. ఎండ ఉంటే సీదా బాత్రూముకు, మబ్బు పడితే గీజర్ల నుంచి."

పెళ్లి చేశాం గానీ వేరు కాపురం పెట్టించాం.

తరువాత ఉప్పల్ హార్డ్‌వేర్ షాపు మీదికి దండయాత్ర. మీగడ రంగు సీపీవీసీ పైపు (తెల్ల పీవీసీ అయితే వేడికి అరటిబోదెలా మెత్తబడుతుంది), ఎల్బోలు, టీలు, బాల్ వాల్వులు. తెచ్చింది ఒక ఆటో సరుకు, మరిచిపోయింది ఎప్పుడూ ఒక్క ఎల్బోనే. ఆ ఒక్క ఎల్బో కోసం ఉప్పల్‌కు ఎన్నిసార్లు వెళ్లానో మహాప్రస్థానంలో ధర్మరాజు అన్ని అడుగులు వేసి ఉండడు.

యుద్ధం పై అంతస్తులో జరిగింది. కుళాయి తిప్పితే నీరు రాగానే గీజర్‌లో ఒక రబ్బరు పొర ఉబ్బి, పుల్లను నెట్టి, గ్యాసు దారి తెరవాలి. ట్యాంకుకు కుళాయికి నడుమ మూడు మీటర్ల ఎత్తే ఉంటే ఆ పొరకు ఊపిరి ఎక్కడిది? గీజర్ టకటకటక అని నిప్పురవ్వలు రాల్చింది, మంట మాత్రం రాలేదు. గాండీవం మోగుతోంది, బాణం లేదు. నేను నూనె ముఖంతో, తువ్వాలు చుట్టుకుని, కురుక్షేత్రం మధ్యలో నిలబడ్డాను.

"హైటే ప్రెషర్ సార్," అని అన్న గీజర్‌ను ఊడదీసి కింది అంతస్తు వెనక, గాలి ఆడే వాష్ ఏరియా గోడకు బిగించాడు. కింద ఏడు మీటర్ల ఎత్తు కలిసొచ్చి మంట భుగ్గుమంది. బాత్రూమ్ లోపల పెట్టకపోవడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. మూసిన గదిలో గాలి చాలక మండే గ్యాసు నుంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు, వాసన లేని మాయావి అది. తలుపు గడియ పెట్టుకుని స్నానానికి వెళ్లినవాణ్ణి చప్పుడు లేకుండా చంపేస్తుంది. ఈ ఒక్క విషయంలో నాకు హాస్యం రాదు.

రెండు వాల్వులకూ నేను మార్కర్‌తో పేర్లు రాశాను, నెలలో చెరిగిపోయాయి. మా అమ్మ సూర్యుడి వాల్వుకు పసుపు దారం, గ్యాసు వాల్వుకు ఎర్ర దారం కట్టింది. పొద్దున లేచి భువనగిరి వైపు ఆకాశం చూసి, "ఇయ్యాల పసుపుదే తిప్పురా," అంటుంది. వాతావరణ శాఖకు ఆమెతో పోటీ లేదు.

ఇంత చేసినా ఒక శత్రువు లొంగలేదు. డాబా నుంచి కింది బాత్రూమ్ దాకా, వాష్ ఏరియా చుట్టు తిరిగి, ముప్పావు ఇంచు పైపు ఇరవై మీటర్లు. రాత్రంతా అందులో నిద్రపోయిన అయిదు లీటర్ల చన్నీళ్లు ముందు బయటికి వస్తేగానీ వేడినీళ్లు రావు. పావు బకెట్ మంచు. మొదట స్నానానికి వెళ్లేవాడికి అది రాసిపెట్టి ఉంటుంది, మొదట వెళ్లేవాణ్ణి నేనే. పైపుకు నల్ల స్పాంజి తొడుగు వేయించాను. వేడి కాసేపు నిలిచింది గానీ తెల్లారేదాకా కాదు.

ఆ అయిదు లీటర్లు పారబోయడానికి మనసొప్పక రోజూ చిన్న బకెట్లో పట్టి వెనక జామచెట్టుకు పోస్తున్నాం. అష్టాదశ వర్ణనల్లో నాయకాభ్యుదయం ఒకటి బాకీ ఉంది కదా. మూడేళ్లుగా గొడ్డుగా నిలబడ్డ ఆ చెట్టు ఈ సంక్రాంతికి పదకొండు కాయలు కాసింది. అందులో తొమ్మిది కోతులు తిన్నాయి.